కోతులు పట్టే బృందం సేవ: మా కొబ్బరి తోటల్లో నాలుగు రోజుల అనుభవం

మా ఊరు కోనసీమలో గౌతమికీ వైనతేయకూ నడుమ, పంట కాలవ ఒడ్డున ఉంది. ఊరంతా కొబ్బరి మీదే బతుకుతుంది. ఐదారేళ్లుగా కోతుల బెడద వల్ల, దింపు తీయించే రోజు వచ్చేసరికి చెట్టు మీది కాయకన్నా కింద రాలిపడిన పిందెలు, కొరికి పారేసిన లేత బొండాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. అరటి గెల పక్వానికి రాకముందే పోతోంది, పెంకుటిళ్ల మీద పెంకు నిలవడం లేదు. ఈ పరిస్థితిలో మొన్న మాఘమాసంలో రైతులం ఎకరానికి ఇంత అని చందా వేసుకొని, పంచాయతీ ద్వారా అటవీ శాఖ అనుమతి తీసుకొని, పొరుగు జిల్లా నుంచి కోతులు పట్టే బృందాన్ని పిలిపించాం. వారి సేవ ఎలా ఉందో, ఇలాంటి బృందాన్ని పిలవాలనుకునే ఊళ్లవారు ఏయే విషయాలు ముందుగా అడగాలో చెప్పడానికి ఇది రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందువల్ల నా దృష్టి తోటలో మిగిలిన కాయల మీద ఎంత ఉందో, కోతి నోటికీ మనిషి చర్మానికీ మధ్య ఉన్న దూరం మీద కూడా అంతే ఉంది. బృందం పేరు రాయడం లేదు. వారు పొట్టకూటికి కష్టపడే మనుషులు, నేను చెప్పే లోపాలు సరిదిద్దుకోదగినవే.

ఒప్పందం ఇలా కుదిరింది. పట్టిన ఒక్కో కోతికి 500 రూపాయలు, వ్యాను అద్దె వేరు, నలుగురు మనుషులకు భోజనం, బస మావి. వారు మూడు పెద్ద ఇనుప బోనులు, ఆరు చిన్న బోనులు, రెండు వలలు తెచ్చుకున్నారు. నాలుగు రోజుల్లో 38 కోతులను పట్టారు. మత్తు సూదులు గానీ, ఉచ్చులు గానీ, కర్రలు గానీ వాడలేదు. రామాలయం వెనక రావిచెట్టు కింద పెద్ద బోను పెట్టి, తలుపు తీసి ఉంచి, ఒకటిన్నర రోజు చక్కెరకేళి పళ్లు, వేరుశెనగ కాయలు, మరమరాలు లోపల పోస్తూ ఊరుకున్నారు. మొదట పిల్ల కోతులు వెళ్లాయి, తరువాత తల్లులు, చివరికి మందకు పెద్దగా ఉన్న గండు కోతి కూడా లోపలికి వెళ్లి కూర్చుంది. అంతవరకూ తాడు ముట్టుకోకుండా చెట్టు చాటున కూర్చున్న బృందం పెద్ద ఓర్పు చూస్తే ఇది వలా బోనూ ఉంటే వచ్చే విద్య కాదని అర్థమైంది. మందను విడగొట్టకుండా ఒకేసారి పట్టడం వల్ల తల్లీ పిల్లా వేరుకాలేదు, మిగిలిపోయిన కోతులు కసితో మనుషుల మీదికి రావడమూ జరగలేదు. ఈ నేర్పుకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

వారు రాగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, మా ఊరి కోతులు ఏ జాతివో చూశారా అని. బృందం పెద్ద తడుముకోకుండా, "పొట్టితోక రకమండీ మాస్టారూ, వెనకభాగం ఎర్రగా ఉంటది, నెత్తిన పాపిడి ఉండదు," అన్నాడు. సరిగ్గా చెప్పాడు. అది రీసస్ కోతి. దక్షిణాదిన ఎక్కువగా ఉండే బోనెట్ కోతికి తోక పొడుగు, నడినెత్తిన వెంట్రుకలు టోపీ పెట్టినట్లు చుట్టూ పరచుకొని ఉంటాయి. పశ్చిమాన తపతి, తూర్పున మన గోదావరి ఈ రెండు జాతులకూ సరిహద్దులని జంతుశాస్త్ర గ్రంథాల్లో చాలాకాలం రాసేవారు. నదికి ఉత్తరాన రీసస్, దక్షిణాన బోనెట్ అన్నమాట. ఈ శతాబ్దంలో జరిగిన సర్వేలలో రీసస్ కోతులు ఆ గీత దాటి దక్షిణానికి వ్యాపించాయనీ, బోనెట్ కోతులు వెనక్కి తగ్గుతున్నాయనీ తేలింది. రైలు మార్గాలు, రహదారులు, గుళ్లు, వాటి చుట్టూ దొరికే తిండి ఇందుకు తోడ్పడ్డాయి. ఒక ప్రాంతంలో పట్టిన కోతులను మరో ప్రాంతంలో వదిలే మన అలవాటుకు కూడా ఇందులో వాటా ఉంది. కోతులు పట్టేవారికి జాతి తెలియడం ఎందుకు ముఖ్యమంటే, ఏ కోతి ఏ వైరస్‌ను మోస్తుందో జాతిని బట్టే ఉంటుంది.

రీసస్, బోనెట్ కోతులు రెండూ మకాకా అనే ప్రజాతికి చెందినవి. ఈ ప్రజాతి కోతులకు సహజంగా ఉండే వైరస్ ఒకటుంది, దానిని బి వైరస్ అంటారు. జ్వరం తగిలి తగ్గాక మనకు పెదవి అంచున నీటిపొక్కులు వస్తాయి కదా, వాటికి కారణమైన హెర్పిస్ వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. మన పొక్కు మనకు ఎంత సామాన్యమో, బి వైరస్ కోతికి అంత సామాన్యం. పెద్ద రీసస్ కోతుల్లో అత్యధికం దీనిని ఎప్పుడో ఒకప్పుడు తగిలించుకున్నవే. నాలుక మీదో పెదవి మీదో చిన్న పుండ్లు వచ్చి మానిపోతాయి, చాలాసార్లు అవి కూడా కనిపించవు. ఆ తరువాత వైరస్ ముఖానికి వెళ్లే నరాల కణుపుల్లో జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది. అప్పుడప్పుడు మేలుకొని లాలాజలంలోకి వస్తుంది. ఆ సమయంలో కోతి కరిచినా, రక్కినా, దాని ఉమ్మి మన కంట్లో పడినా వైరస్ మనకు చేరగలదు. మనిషి శరీరం దానికి సొంతిల్లు కాదు కనుక అక్కడ అది అణిగి ఉండదు. గాయం దగ్గర దురద, తిమ్మిరితో మొదలై, జ్వరంతో ముదిరి, వెన్నుపాముకూ మెదడుకూ పాకుతుంది. మందు పడకపోతే సోకినవారిలో నూటికి డెబ్బై మంది మరణిస్తారు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 1932లో అమెరికాలో ప్రయోగశాల కోతి కరిచిన ఒక యువ వైద్యుడి మరణంతో ఈ వైరస్ వెలుగులోకి వచ్చింది. దానిని పరిశోధించినవారిలో ఒకరైన ఆల్బర్ట్ సేబిన్ తరువాతి కాలంలో నోటి ద్వారా వేసే పోలియో చుక్కల మందు రూపొందించారు. అప్పటినుంచి ఇప్పటివరకు ప్రపంచం మొత్తం మీద మనుషుల్లో నమోదైన కేసులు యాభై ప్రాంతంలోనే ఉన్నాయి. వారిలో దాదాపు అందరూ కోతులతో పనిచేసే ప్రయోగశాల సిబ్బంది, పశువైద్యులు. ఏటా వేలమందిని కోతులు కరిచే దేశంలో ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి. అయినా 2024లో హాంకాంగ్‌లో ఒక వన విహార స్థలంలో అడవి కోతుల వల్ల గాయపడిన 37 ఏళ్ల వ్యక్తి ఇదే వైరస్‌తో విషమ స్థితిలో ఆసుపత్రిలో చేరాడు. అరుదైన జబ్బు కదా అని కోతులు పట్టే మనుషుల విషయంలో నిశ్చింతగా ఉండటానికి వీలులేదు. మనం ఏడాదికోసారి కోతికి ఎదురుపడితే వారు రోజుకు పది కోతులను చేత్తో ముట్టుకుంటారు.

ఇక నాకు నచ్చని విషయానికి వస్తాను. ఈ వైరస్ నిద్ర లేవడానికి కోతి బెదిరిపోవడం, కిక్కిరిసి ఉండటం, జబ్బుపడటం కారణాలవుతాయి. అంటే చెట్టు మీద స్వేచ్ఛగా తిరిగే కోతి కన్నా బోనులో పడి, ఎండలో, దాహంతో, పక్కనున్న కోతులతో కొట్లాడుతున్న కోతి లాలాజలంలో వైరస్ బయటపడే అవకాశం ఎక్కువ. రెండో రోజు మధ్యాహ్నం ఒక్క బోనులోనే పద్నాలుగు కోతులను కుక్కి ఉంచారు. వ్యాను రెండుసార్లు తిరిగితే ఖర్చు పెరుగుతుందని, అన్నీ పట్టాకే ఒకేసారి తరలిద్దామని వారి ఆలోచన. ఖర్చు తగ్గించమని బేరమాడినవారిలో మా రైతులమూ ఉన్నాం కనుక ఆ తప్పులో మాకూ పాలు ఉంది. బోను మీద నీడ లేదు, లోపల నీళ్లు లేవు. నేను చెప్పిన తరువాత తడిపిన గోనెపట్టాలు కప్పారు, మట్టి మూకుళ్లతో నీళ్లు పెట్టారు. కోతుల అరుపులు అరగంటలో సద్దుమణిగాయి. మూగజీవి మీద జాలి కోసం మాత్రమే ఈ పని చేయాలని చాలామంది అనుకుంటారు. ఆ నీడ, ఆ నీళ్లు బోను పక్కన నిలబడిన మనిషికి కూడా రక్షణే.

చేతి తొడుగుల విషయంలో బృందం పెద్దకు మోచేతుల దాకా వచ్చే తోలు తొడుగులు ఉన్నాయి. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి తాపీపనివారు వేసుకునే నూలు తొడుగులు, ఆఖరి కుర్రవాడికి ఏమీ లేవు. కళ్లకు అద్దాలు ఒక్కరికీ లేవు. బోనుల అడుగున పడిన మలమూత్రాలను గొట్టంతో నీళ్లు కొట్టి కడుగుతుంటే ఆ తుంపర్లు ముఖాల మీద పడుతున్నాయి. 1997లో అమెరికాలోని యెర్క్స్ ప్రైమేట్ పరిశోధన కేంద్రంలో పనిచేసే 22 ఏళ్ల యువతిని ఏ కోతీ కరవలేదు, రక్కలేదు. బోనులో ఉన్న రీసస్ కోతి నుంచి ఏదో తడి ఎగిరి ఆమె కంట్లో పడింది. ఆరు వారాల్లో ఆమె బి వైరస్‌తో మరణించింది. ఆ తరువాతే ప్రయోగశాలల్లో కంటి రక్షణ అద్దాల విషయంలో నిబంధనలు గట్టిపడ్డాయి. ఈ సంగతి నేను చెబితే బృందం పెద్ద చాలాసేపు మాట్లాడలేదు. "పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నానండీ, కంటి మాట ఎవరూ చెప్పలేదు," అన్నాడు. మరునాడు ఉదయం అమలాపురం వెళ్లి మోటారు సైకిలు నడిపేవారు పెట్టుకునే అద్దాలు నాలుగు కొనుక్కొచ్చాడు. వాటి ఖర్చు మా సంఘం ఇచ్చింది.

అదే రెండో రోజు సాయంత్రం తొడుగులు లేని ఆ కుర్రవాణ్ణే కోతి కరిచింది. పెద్ద బోనులోంచి చిన్న బోనులోకి మళ్లించేటప్పుడు ఒక ఆడకోతి ఊచల సందులోంచి మణికట్టు పట్టుకొని కొరికింది. రెండు పళ్లు లోతుగా దిగాయి. ఇలాంటి సేవకు అసలైన పరీక్ష ఇలాంటి క్షణంలోనే ఉంటుంది, ఆ పరీక్షలో బృందం తప్పింది. గాయం మీద కుర్రవాడు తన తువ్వాలు చుట్టేసుకొని పని కొనసాగించబోయాడు. మా పక్కింటి పెద్దావిడ ఆదుర్దాతో కారం, సున్నం పట్టుకొచ్చింది. ఈ రెండింటితోనూ గాయం మంట పుట్టి లోపల మరింత చితుకుతుంది, వైరస్‌కు ఏమీ కాదు. వాణ్ణి చేతిపంపు దగ్గర కూర్చోబెట్టి, బట్టల సబ్బుతో గడియారం చూసి పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగించాను. రేబిస్‌కైనా బి వైరస్‌కైనా మొదటి వైద్యం ఇదే. ఈ రెండు వైరస్‌లకూ పైన కొవ్వుతో కూడిన పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. గాయంలో నిలిచిన వైరస్ నరాల అంచులకు చేరకముందే కొట్టుకుపోవాలి. పదిహేను నిమిషాలు కూర్చోవడం ఎంత కష్టమో పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది. ఐదో నిమిషం నుంచే వాడు, "చాలండీ, చాలండీ," అంటూనే ఉన్నాడు.

దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. ఇంజక్షన్లు ఉచితంగా ఇచ్చారు, సిబ్బంది ఆదరంగానే ఉన్నారు. అయితే కోతి కాటే కదా అని తొలుత టీకా ఒక్కటే వేసి పంపబోయారు. రక్తం వచ్చేలా అడవి జంతువు కరిస్తే దానిని అన్నిటికన్నా తీవ్రమైన మూడో తరగతి గాయంగా పరిగణించాలని, టీకాతోపాటు గాయంలోనూ చుట్టూనూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలని మన దేశపు రేబిస్ మార్గదర్శకాలు చెబుతాయి. ఈ మాట వినయంగా గుర్తు చేస్తే వైద్యురాలు ఒప్పుకొని అలాగే చేశారు. టీకా శరీరంలో రక్షణ పుట్టించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో గాయంలోనే కాపలా కాసేది ఇమ్యునోగ్లోబ్యులిన్. తరువాతి మోతాదులు 3వ, 7వ, 28వ రోజుల్లో చర్మంలోకి రెండు చోట్ల వేస్తారని కార్డు రాసిచ్చారు. రేబిస్ కోతి సొంత వైరస్ కాదు. పిచ్చికుక్క కరిచిన కోతికి వస్తుంది, అదీ తక్కువగానే. కానీ లక్షణాలు కనిపించాక బతికించే మందు లేని జబ్బు విషయంలో తక్కువ అన్న మాటకు విలువ ఇవ్వకూడదు. బి వైరస్ గురించి వైద్యురాలు కాకినాడలోని తన సీనియర్ వైద్యులతో ఫోనులో మాట్లాడి, హెర్పిస్ వైరస్‌లను అదుపుచేసే మాత్రలు రెండు వారాలకు రాశారు. దీనికి టీకా లేదు, తొందరగా మొదలుపెట్టిన మాత్రలే అండ. గాయం చోట తిమ్మిరి గానీ, నీటిపొక్కులు గానీ, నెల లోపు జ్వరం గానీ వస్తే కోతి కరిచిందన్న మాట ముందుగా చెప్పమని ఆ కుర్రవాడికి మూడుసార్లు చెప్పించాను.

మూడో రోజు ఉదయం ఇంకో సంఘటన జరిగింది, ఇందులో బృందం పనితీరు నన్ను మెప్పించింది. బోనుకు దొరకకుండా పరుగెత్తిన ఒక ముసలి ఆడకోతి ట్రాన్స్‌ఫార్మర్ మీదికి ఎక్కి, విద్యుత్తు తగిలి చనిపోయింది. మన ఊళ్లలో కోతి చనిపోతే ఆంజనేయస్వామి రూపంగా భావించి, పసుపు కుంకుమ చల్లి, కొత్తబట్ట కప్పి, మేళంతో ఊరేగించి పూడ్చిపెడతారు. ఆ భక్తి నాకూ ఉంది. కానీ ఆ ఊరేగింపులో పదిమంది చేతులు కోతి శరీరాన్ని తాకుతాయి, పిల్లలు కాళ్లకు దండం పెడతారు. బృందం పెద్ద జనాన్ని దూరంగా నిలబెట్టి, "దండం ఇక్కణ్ణుంచే పెట్టండమ్మా, పూలు నా చేతికి ఇవ్వండి, నేనే వేస్తాను," అని, తొడుగులు వేసుకొని, పొడవాటి కర్రతో గోనెలోకి తీసి, కాలవగట్టుకు దూరంగా నడుములోతు గొయ్యి తవ్వించి పూడ్చాడు. పూజారిగారు కూడా దూరం నుంచే మంత్రం చదివారు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

చచ్చిన కోతి విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకో చెప్పడానికి కర్ణాటకను తలచుకోవాలి. 1957లో షిమోగా జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చనిపోయాయి. ఆ వెనకే ఆ అడవికి కట్టెలకు, పశువుల మేతకు వెళ్లే మనుషులకు తీవ్రమైన జ్వరం, ఒళ్లునొప్పులు, రక్తస్రావం మొదలయ్యాయి. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు డెంగీ వైరస్ కుటుంబానికే చెందిన కొత్త వైరస్‌ను అక్కడ గుర్తించారు. దానికి ఆ అడవి పేరే పెట్టారు. అక్కడివారు దానిని కోతి జబ్బు అంటారు, కానీ ఇందులో కోతి మనలాంటి బాధితురాలే. వైరస్‌ను మోసేది అడవి పిడుదు. పిడుదు కుట్టిన కోతి రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. కోతి చనిపోగానే దాని ఒంటి మీది పిడుదులు కిందికి దిగి ఆ చుట్టుపక్కల గడ్డిలో కాచుకొని ఉంటాయి. అటు నడిచిన మనిషిని అవే కుడతాయి. మనిషి నుంచి మనిషికి ఇది అంటదు. సోకినవారిలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు మరణిస్తారు. చాలాకాలం ఆ ఒక్క జిల్లా చుట్టుపక్కలే ఉన్న ఈ జబ్బు 2012 తరువాత పశ్చిమ కనుమల వెంబడి కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రలకు పాకింది. పశ్చిమ కనుమల గ్రామాల్లో అడవిలో కోతి చచ్చిందంటే ఆరోగ్య సిబ్బందికి అది మొదటి హెచ్చరిక. మన డెల్టా ఆ అడవి కాదు, మన ఊరి కోతి కరెంటుతో చనిపోయింది. అయినా కారణం తెలియకుండా చచ్చిన కోతిని చేత్తో ఎత్తకూడదన్న అలవాటు అన్నిచోట్లా ఒకటే కావాలి. కోతులు పట్టే మనిషికి ఆ అలవాటు ఉండటం చూసి నాకు తృప్తి కలిగింది.

ఆ రోజు గోతి దగ్గర నిలబడిన అంగన్‌వాడీ ఉద్యోగిని ఒకామె, "మాస్టారండీ, ఎయిడ్స్ కోతుల నుంచే వచ్చిందంటారు కదా, మరి ఆ అబ్బాయికి...?" అని అడిగింది. ఆ ప్రశ్న చాలామంది మనసులో ఉన్నట్లుంది, అందరూ నా వైపు తిరిగారు. ఎయిడ్స్ వైరస్‌కు మూలమైన వైరస్‌లు ఆఫ్రికాలోని కోతులు, చింపాంజీలలో ఉన్నాయి. నలభైకి పైగా ఆఫ్రికా జాతుల్లో వాటిని గుర్తించారు. ప్రపంచమంతా వ్యాపించిన రకం ఆగ్నేయ కామెరూన్‌లోని చింపాంజీల నుంచి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో మనిషికి చేరి, కాంగో నది వెంట ఇప్పటి కిన్షాసా నగరానికి వెళ్లి, అక్కడి నుంచి విస్తరించింది. రెండో రకం పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబే అనే కోతి నుంచి వచ్చింది. వేటాడిన జంతువును కోసేటప్పుడు దాని రక్తం మనిషి చేతి గాయంలోకి చేరడమే ఇందుకు మార్గమని శాస్త్రవేత్తలు అంగీకరించారు. ఆసియా కోతుల్లో ఈ వైరస్‌లు సహజంగా లేవు. కనుక మన కోతి కరిచినందువల్ల ఎయిడ్స్ రాదు. ఇది విని కుర్రవాడి ముఖంలో రంగు వచ్చింది. వాడు ఆ భయాన్ని ఎవరికీ చెప్పకుండా రాత్రంతా మోశాడని అప్పుడు తెలిసింది. కోతులు పట్టే బృందానికి తొడుగులు ఎంత అవసరమో, ఇలాంటి నాలుగు మాటలు చెప్పే శిక్షణ కూడా అంత అవసరం. మన కోతుల లాలాజలంలో ఫోమీ వైరస్ అనే మరొకటి ఉంటుంది. బాలి ద్వీపంలో కోతులుండే గుడి దగ్గరి రైతు ఒకరికి అది చేరినట్లు 2005లో ప్రచురితమైంది. దానివల్ల మనుషులకు జబ్బు వచ్చిన దాఖలా లేదు. దాటి వచ్చే ప్రతి వైరస్ మనిషిలో ఇల్లు కట్టుకోలేదు, కానీ గుడి మెట్ల మీద కోతి నోటికి మన చేయి ఎంత దగ్గరో ఆ రైతు ఉదంతం చెబుతుంది.

కోతులను తీసుకెళ్లి వదిలే పని గురించి నాకు ఇంకా అసంతృప్తి ఉంది. అటవీ శాఖవారు చూపిన ఏజెన్సీ అడవిలో వదలాలన్నది షరతు. వదిలారు, ఫొటోలు పంపారు, అయితే వారం రోజులు అడిగాక పంపారు. బిల్లు చెల్లించేముందే ఫొటోలు అడగాలని మిగతా ఊళ్లవారికి నా సూచన. అడవికి చేరిన కోతి మన నుంచి ఏం తీసుకెళ్తుందన్నది కూడా ఆలోచించాలి. మన తట్టు (మీజిల్స్) వైరస్, మన క్షయ కోతులకు సోకుతాయి. టాంజానియాలోని గోంబే అడవిలో 1966లో పోలియో లాంటి జబ్బు చింపాంజీలను కుంటివాటిని చేసింది, చుట్టుపక్కల గ్రామాల్లో అప్పుడు పోలియో ఉంది. ఈ దారి ఒకవైపు మాత్రమే నడిచేది కాదు. దగ్గు, జ్వరం ఉన్న మనిషిని కోతుల బోను దగ్గర పనికి పెట్టవద్దన్న నిబంధన ఒప్పందంలో ఉండాలి. మా ఒప్పందంలో లేదు, అది మా పొరపాటు.

ధర విషయంలో మరో బృందం ఇంతకన్నా చవకగా, కొండముచ్చును తెచ్చి నెల జీతం మీద కాపలా పెడతామని వచ్చింది. మేం ఒప్పుకోలేదు. కొండముచ్చును పట్టి ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా తాడు కట్టిన కొండముచ్చును ఊరంతా తిప్పడమంటే ఇంకో అడవి జంతువు నోటిని పిల్లల చేతులకు అందేంత దగ్గరకు తెచ్చుకోవడమే.

వారు వెళ్లి రెండు నెలలు దాటింది. ఈసారి దింపులో పాడైన కాయ చాలా తగ్గింది. లంకల మీదుగా ఏడెనిమిది కోతుల చిన్న మంద మళ్లీ వచ్చింది, అది ముందే ఊహించాం, దానిని బృందం వైఫల్యంగా లెక్కించను. ఆంజనేయస్వామి గుడి దగ్గర కొబ్బరి చిప్ప చేత్తో అందించే అలవాటును పూజారిగారే మాన్పించారు. పట్టే నేర్పుకు ఐదుకు ఐదు, జంతువు పట్ల దయకు మూడు, తమ మనుషుల రక్షణకు రెండు మార్కులు వేస్తున్నాను. మళ్లీ పిలుస్తామా అంటే పిలుస్తాం, కానీ నలుగురికీ తోలు తొడుగులు, కంటి అద్దాలు, పనికి వచ్చేముందే వేయించుకున్న రేబిస్ టీకా, బోనుకు ఎనిమిదికి మించని కోతులు, సబ్బూ నీళ్లూ బోను పక్కనే ఉండటం అన్న షరతులు కాగితం మీద రాసుకున్నాకే. ఇందుకు కోతికి ఇంకో 100 రూపాయలు ఎక్కువైనా ఇవ్వడానికి మా రైతుల్లో అభ్యంతరం రాలేదు. ఈ షరతులు ఫోనులో చదివి వినిపిస్తే బృందం పెద్ద అన్నిటికీ సరేనన్నాడు, టీకా మాట దగ్గర మాత్రం, "మా వాళ్లందరికీ వేయించానండీ, ఆ అబ్బాయితో పాటు వెళ్లాం," అన్నాడు. కుర్రవాడు తన ఊరి ఆసుపత్రిలో 28వ రోజు ఇంజక్షను కూడా వేయించుకొని, నాలుగు గళ్లూ నిండిన కార్డును ఫొటో తీసి నాకు పంపాడు.